సముద్రం ఒడ్డున బందరు

కరక్కాయ మనందరికీ తెలుసు. దగ్గు వస్తే బుగ్గన పెట్టుకుంటాం. అడవిలో ఏరుకొచ్చి సంతలో అమ్ముతాం. టేకులపల్లి చుట్టుపక్కల ఇది కొత్త మాట కాదు. ఆ కరక్కాయతో బట్టకు రంగు పట్టించి, దేశదేశాల్లో పేరు తెచ్చుకున్న పట్నం ఒకటి ఉంది. అదే బందరు. మచిలీపట్నం అని కూడా అంటారు. కృష్ణా జిల్లాలో, సముద్రం ఒడ్డున ఉంది. పారశీక భాషలో బందరు అంటే ఓడరేవు.

ఈ రేవు ఎంత పాతదో తెలుసా? సుమారు 2,000 ఏళ్ల కింద ఒక నావికుడు గ్రీకు భాషలో పుస్తకం రాశాడు. ఏ రేవులో ఏ సరుకు దొరుకుతుందో అందులో చెప్పాడు. మసాలియా అనే తీరంలో సన్నని నూలు బట్ట చాలా తయారవుతుందని రాశాడు. ఆ మసాలియా మన బందరు తీరమేనని పండితులు అంటారు. ఆ నావికుడి పేరు ఎవరికీ తెలియదు. రాత మాత్రం మిగిలింది.

గోల్కొండ సుల్తానులకు ఇది పెద్ద రేవు. ఇక్కడి అద్దకం బట్టలు ఓడలెక్కి పారశీక దేశం పోయేవి. ఆ వ్యాపారం కోసమే డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్లు వచ్చి కోఠీ పెట్టారు. మద్రాసులో వాళ్లు కాలు పెట్టింది ఆ తర్వాతే, 1639లో.

1864 నవంబరు 1 రాత్రి పెద్ద తుఫాను వచ్చింది. సముద్రం పొంగి ఊరి మీద పడింది. సుమారు 30,000 మంది చనిపోయారని లెక్క. తుఫాను వస్తోందని ముందుగా చెప్పేవాళ్లు ఆ రోజుల్లో లేరు. చీకట్లో ఎటు పరుగెత్తాలి? ఇప్పుడైతే రేడియోలో, ఫోనులో ముందే కబురు వస్తుంది.

రేవు కూడా మేట వేసింది. పెద్ద ఓడలు దూరంగా ఆగిపోయేవి. సరుకును పడవల్లో చేరవేసేవారు. 1933లో విశాఖపట్నం రేవు తెరిచారు. ఇక బందరును అడిగేవాళ్లు తగ్గారు. మంగినపూడి దగ్గర కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి.

ఓడలు పోయినా అద్దకం పోలేదు. బందరు పక్కనే పెడన ఉంది. అక్కడ ముందు బట్టను ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. టేకు చెక్క మీద పూలు, లతలు చెక్కి అచ్చులు చేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లతో అచ్చు వేస్తే నలుపు వస్తుంది. కరక్కాయలోని వగరుకు ఇనుము తగలడమే దానికి కారణం. పటిక అద్ది, రంగు వేళ్లతో ఉడకబెడితే ఎరుపు వస్తుంది. టేకు, కరక్కాయ రెండూ అడవి సరుకులే! ఇప్పుడు రసాయన రంగుల బట్టలను కూడా కలంకారీ పేరుతో చౌకగా అమ్ముతున్నారు. కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి.

బందరులో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. చిలకలపూడిలో పాండురంగడి గుడి ఉంది. కార్తీక పున్నమికి జనం బాగా వస్తారు. డచ్చివాళ్ల సమాధులున్నాయి. మంగినపూడి తీరంలో ఇసుక కాదు, నల్లమట్టి ఉంటుంది. తొక్కుడు లడ్డు తినకుండా మాత్రం రాకండి.

ఖమ్మం మీదుగా విజయవాడ చేరితే, అక్కడి నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. బస్సులు చాలా ఉంటాయి. అద్దకం చూడాలనుకుంటే ఎండాకాలంలో వెళ్లండి. వానల్లో బట్ట ఆరదు, పని సరిగా సాగదు.