ఏ స్టెయిన్‌లెస్సు?

మా వేంసూరులో కమ్మరి కొలిమి దగ్గర ఎర్రగా కాలిన నాగటి కర్రును దాగలి మీద పెట్టి సుత్తితో కొడితే నల్లటి పొలుసులు రాలిపడేవి. ఇనుము మైల వదులుతోందని అనుకునేవాణ్ణి. కాలేజీకి వచ్చాక తెలిసింది, అది మైల కాదు, గాలిలోని ఆక్సిజన్ తినేసిన ఇనుమే అని. వేడి సుమారు 570 డిగ్రీల సెంటీగ్రేడు దాటిందంటే ఈ పొలుసు మరీ జోరుగా పెరుగుతుంది.

పాల్వంచ వైపు వెళ్తే ఇదే సమస్య పెద్దయెత్తున కనిపిస్తుంది. కొత్తగూడెం థర్మల్ కేంద్రంలో 2018లో మొదలైన 800 మెగావాట్ల ఏడవ దశ సూపర్ క్రిటికల్ రకం. అంటే ఆవిరి ఒత్తిడి 221 బార్లకు పైమాట. గొట్టం లోపల ఆ ఒత్తిడి, బయట మంట. బాయిలర్ వెల్డరుగా పనిచేసిన మా బాబాయిని ఒకసారి అడిగాను.

"అన్నీ స్టెయిన్‌లెస్ వేసేస్తే పోలా బాబాయ్?"

"ఏ స్టెయిన్‌లెస్సురా?" అన్నాడు.

ఆ ప్రశ్నలోనే పాఠమంతా ఉంది. ఉక్కులో తగినంత క్రోమియం ఉంటే ఇనుముకంటే ముందు అదే ఆక్సిజన్‌ను పట్టుకుని, పల్చగా, గట్టిగా అంటుకునే పొర కడుతుంది. ఆ పొర రాలదు. మణుగూరు భారజల కర్మాగారంలో హైడ్రోజన్ సల్ఫైడుతో పని. అలాంటి చోట మామూలు ఉక్కుకు ఐరన్ సల్ఫైడు పొరే కవచం. ఎక్కడైనా కాపాడేది పై చర్మమే.

చిక్కు కార్బన్‌తో వస్తుంది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఉక్కును వెల్డింగు చేసినప్పుడు, అతుకు పక్కన 450-850 డిగ్రీల మధ్య వేడెక్కిన చోట కార్బన్ క్రోమియాన్ని లాగేసుకుంటుంది. రేణువుల అంచుల్లో క్రోమియం కరువై, తుప్పు అక్కడినుంచి దూరుతుంది. అందుకని కార్బన్‌ను 0.03 శాతానికి తగ్గించి 304ఎల్ చేశారు. బాగానే ఉంది! కానీ ఎర్రటి వేడిలో లక్ష గంటలు, అంటే పదకొండేళ్ల పైచిలుకు, సాగిపోకుండా నిలబడాలంటే ఆ కార్బనే కావాలి. బాయిలర్ గొట్టాలకు వాడే 347హెచ్‌లో అది 0.04కు తగ్గకూడదు. క్రోమియాన్ని లాక్కోకుండా నియోబియం ఆ కార్బన్‌ను తన దగ్గర కట్టిపెడుతుంది.

మందమైన హెడర్లకు మళ్ళీ వేరే ఉక్కు. 9 శాతం క్రోమియం, 1 శాతం మాలిబ్డినం ఉన్న 91 రకం తక్కువగా వ్యాకోచిస్తుంది. అయితే అతికాక సుమారు 760 డిగ్రీల దగ్గర కాచకపోతే అతుకు పెళుసుబారుతుంది.

రాడ్డు మీది నెంబరు చదవకుండా బాబాయి హోల్డరు పట్టేవాడు కాదు.