కాందిశీకుల సేవకు బయలుదేరు మనుమరాలికి

విశాఖపట్నము.

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నర్సింగు చదువు ముగించి, బంగ్లాదేశములోని కాక్స్ బజారు చెంతనున్న కుతుపలాంగు శిబిరమున రోహింగ్యా కాందిశీకులకు సేవచేయ బయలుదేరుచున్నానని నీవు వ్రాసిన జాబు చేరినది. నాకు పరమానందమైనది. మీ అమ్మ బెంగపెట్టుకొన్నది. ఆ బెంగను తేలికగా త్రోసివేయక, వారమున కొకమారైనను ఫోనుచేసి ధైర్యము చెప్పుచుండుము. పెద్దవాడనై దీవించి ఊరకుండుట నాకు తగదు గనుక, 1971లో, వైద్యవిద్య ముగించిన పడుచుదనమున, తూర్పు బెంగాలునుండి తరలివచ్చిన వారికి పశ్చిమ బెంగాలు సరిహద్దున సేవచేసిన నాళ్ళలో నేను కన్నదానిని, అటుపిమ్మట ఇన్నేండ్లుగా దానినిగూర్చి తలపోసి తెలిసికొన్నదానిని నీకు చెప్పుచున్నాను.

ఆ యేడు మార్చి నెలాఖరున ఢాకాలో పాకిస్తాను సైన్యము ప్రజలపై విరుచుకుపడినది మొదలు, డిసెంబరులో యుద్ధము ముగియువరకు, ఇంచుమించు కోటిమంది సరిహద్దు దాటి మన దేశమునకు వచ్చిరి. కలకత్తా ప్రక్కన సాల్ట్ లేక్ మైదానములో పేర్చియుంచిన సిమెంటు గొట్టములలో సైతము సంసారములు వెలసెను. వానలతోపాటు కలరా వచ్చినది. సెలైను సీసాలు చాలవు. నరమునకు సూది ఎక్కింప నేర్చినవారు అంతకంటె చాలరు. అట్టి సమయమున బన్‌గావ్ ఆసుపత్రిలో డాక్టరు దిలీప్ మహలనబీస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, ఆ నీటిని పీపాలలో నింపించి, రోగుల తల్లులకును తోబుట్టువులకును గ్లాసులిచ్చి త్రాగింపుమనెను. నూటికి ముప్పదిమంది చనిపోవుచున్న ఆ చోట మరణములు నూటికి నాలుగింటికంటె తక్కువకు దిగెను. నేడు పల్లెటూరి మందుల దుకాణములలో సహితము దొరకు ఓఆర్‌ఎస్ పొట్లముపై లోకమునకు గురి కుదిరినది ఆ కాందిశీకుల చాపలమీదనే.

మా శిబిరమునకును ఆ పద్ధతి వచ్చినది. ఇల్లు కాలిపోయి, భర్త యేమయ్యెనో తెలియక, బిడ్డను ఒడిలో వేసికొని యెవరితోను పలుకక కూర్చున్న యొక తల్లి చేతికి అల్యూమినియపు గిన్నెయు చెంచాయు ఇచ్చి, బిడ్డ కక్కినను మానక కొంచెము కొంచెముగ పోయుచుండుమని చెప్పితిమి. ఆమె రాత్రియంతయు రెప్పవాల్చక పోయుచునే యుండెను. తెల్లవారుజామున ఆ పసివాడు చాపను తడిపెను. బిడ్డ గండము గడిచెననుటకు మేము చూచు గుర్తు అదియే. మరునాడు ప్రొద్దెక్కునప్పటికి ఆమె ప్రక్క చాపమీది తల్లికి చెంచా పట్టుట నేర్పుచుండెను.

అప్పటినుండి నా నమ్మకమిది. ఇల్లును పొలమును ఊరును పోగొట్టుకొన్నవారు, కడపట, తమవారిని తాము కాపాడుకొనగలమను ధైర్యమును గూడ పోగొట్టుకొందురు. ఆ ధైర్యమును వారి చేతికి మరల నందించుటయే సేవ. ఈ పనిలో నీకు దక్కు ప్రతిఫలము, నీవు నేర్పినది మరియొకరు నీవు లేనిచోట చేయుచుండగా చూచుట. కృతజ్ఞత నాశింపకుము. వరుసలో గంటలకొలది నిలిచి అలసినవారు నిన్ను కసరుదురు, అనుమానింతురు. దానముపై బ్రదుకవలసిన మానవంతునికి ఆ కోపము సహజము. తమ అభిమానమును వారింకను చంపుకొనలేదని సంతోషింపుము.

ఇక కష్టముల మాట. మా కాలమున డిసెంబరు 16న యుద్ధము ముగిసిన తరువాత కొలది నెలలలోనే జనము ఇండ్లకు మరలిరి. మా పనికి ముగింపు కనబడినది. నీవు పోవుచోట అట్టిది లేదు. 1982 నాటి బర్మా పౌరసత్వ శాసనము రోహింగ్యాలలో అత్యధికులను స్వదేశముననే పరులను చేసినది. 2017 ఆగస్టు 25 తరువాత ఏడు లక్షలకు పైగా సరిహద్దు దాటిరి. వెదురును టార్పాలినును కట్టిన గుడిసెలలో, వానకాలమున కొండచరియల భయముతోను, ఎండకాలమున నిప్పు భయముతోను, బయటికి పోయి స్వేచ్ఛగా పనిచేసికొను వీలులేక నేటికిని అక్కడనే యున్నారు. వారి పౌరసత్వమును నీవు తేలేవు. తేలేని దానికై రాత్రులు కుమిలిపోవుట కంటె, ఆనాటి గాయమునకు ఆనాడు కట్టు శుభ్రముగ కట్టుట మేలని నిశ్చయించుకొనుము.

నీ కంటియెదుట పసివారు పోవుదురు. దుఃఖము వచ్చినపుడు దాచక తోటివారితో చెప్పుకొనుము. వేళకు తిని, వేళకు నిద్రింపుము. చెలమ తోడినకొలది ఊరును గాని, ఊరుటకు వ్యవధి యీయవలెను. నిద్రమాని చేసిన సేవలో మాట పరుషమగును, మోతాదు తప్పును. సెలవుపై ఇంటికి వచ్చినపుడు పెండ్లి విందులు, చీరెల బేరములు నీకు దుర్భరముగ తోచును. అపుడు మనవారిపై అలుగకుము. నీవు చూచినదానిని వారు చూడలేదు, అంతియే. ఓపికతో చెప్పుము, విందురు.

మనవారికిని ఈ దారి తెలియనిది కాదు. బ్రతుకుతెరువుకై బర్మాలోని రంగము (రంగూను) పోయిన మన కోస్తా తెలుగువారు 1942లో జపానువారి దాడికి వెరచి కట్టుబట్టలతో కాలినడకను మరలినపుడు, ఆనాటి దారులలో నొకటి అరకాను మీదుగా చట్టగ్రామమునకు సాగినది. ఆ అరకానే నేటి రోహింగ్యాల జన్మభూమి. కనుక వారియెదుట నీవు దయచూప వచ్చినదానివలెగాక, చుట్టమువలె కూర్చుండుము. మొదటి మాసమున వారి భాష నేర్చుకొనుము. అది చట్టగ్రామపు వాడుకకు దగ్గర గనుక స్థానికులు తోడ్పడుదురు. రోగిని పడక సంఖ్యతో గాక పేరుతో పిలువుము. అడుగక ఫోటోలు తీయకుము. పారిపోయి వచ్చిన కథను నీవుగా త్రవ్వకుము. వారే చెప్పినపుడు చేతి పని ప్రక్కనుంచి వినుము.

ఇన్ని చెప్పినను నేను నిన్ను కోరునది యొక్కటే. ఆ శిబిరము విడుచునాటికి, కట్టు కట్టుటకును, ఓఆర్‌ఎస్ కలుపుటకును, గర్భిణికి ప్రమాదలక్షణము గుర్తించుటకును నీ స్థానమున నిలువగల రోహింగ్యా స్త్రీ నొకతెను తయారుచేసితివేని, నీవు పోయిన పని నెరవేరినదనియే నేనెంచెదను. ఆయురారోగ్యములతో పోయి రమ్ము, తల్లీ.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి,
తాతయ్య