పేస్‌మేకరా? ఈ వయసులోనా?

పేస్‌మేకర్ మాట రాగానే మన ఇళ్లల్లో మొదట వినపడేది "ఈ వయసులో అవసరమా?" అని. ఆ వెనకే "ఇంకో నెల ఆగి చూద్దాం". డెబ్బై దాటినవాళ్ల సంగతి సరే, యాభై ఏళ్లవాళ్ల దగ్గరా ఇదే వరస. పోయిన శ్రావణంలో మా పిన్నికి ఈ అవసరం వచ్చిపడింది. అప్పుడు కళ్లారా చూసినవీ, డాక్టర్లను విసిగించి తెలుసుకున్నవీ మీతో చెప్పుకోవాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను.

మన ఆడవాళ్లం పడిపోతే దానికో కారణం కూడా మనమే రెడీగా పెట్టుకుంటాం. పిన్ని పెరట్లో పడితే "పాచి పట్టిందమ్మా, కాలు జారింది" అంది. బస్టాండులో పడితే ఎండ అన్నారు. వరలక్ష్మీ వ్రతం నాడు పీట మీద కూర్చోబోతూ కూలబడి, నుదురు గడపకి కొట్టుకుంటే ఉపవాసం మీదకి నెట్టేశారు. పడే ముందు ఎలా అనిపించిందని అడిగినవాళ్లు లేరు. నేను అడిగితే ఆలోచించి, "ఏమోనే, పడ్డం నాకు తెలీనే లేదు. కళ్లు తెరిచేసరికి కింద ఉన్నాను" అంది. ముందస్తు సూచన లేకుండా స్పృహ పోవడం, నిమిషంలో లేచి ఏమీ జరగనట్టు మాట్లాడటం, ఈ రెండూ కలిస్తే గుండె లయను అనుమానించాలిట. నుదుటికి కుట్లు వేస్తున్న డాక్టరమ్మ మాట్లాడుతూనే మణికట్టు పట్టుకుంది, ఠక్కున మాట ఆపేసింది. ఈసీజీ తీస్తే నిమిషానికి 34. కంప్లీట్ హార్ట్ బ్లాక్.

"బ్లాకేగా, స్టెంటు వేయించేద్దాం" అన్నాడు బాబాయి. పాపం, ఆయనొక్కడే కాదు, చూడ్డానికొచ్చిన చుట్టాలందరిదీ అదే సలహా. స్టెంటు వేసేది రక్తనాళం పూడుకుపోయినప్పుడు. ఇక్కడ చెడింది కరెంటు దారి. గుండె పైభాగంలో కుడివైపు సైనస్ నోడ్ అని చిన్న కణజాలం ఉంటుంది. ప్రతి దెబ్బకీ సంకేతం పుట్టేది అక్కడే. అది పైగదుల్లోంచి ఏవీ నోడ్ మీదుగా కింది గదులకు దిగుతుంది. ఆ దారి పూర్తిగా తెగిపోతే కింది గదులు తమంతట తాము, నిమిషానికి ముప్పై నలభైసార్లు ఈడ్చుకుంటూ కొట్టుకుంటాయి. మధ్యలో ఆ ఈడ్పు కూడా ఆగిందా, మనిషి పడిపోతుంది. చాలామందిలో ఇది వయసుతో ఆ దారి గట్టిపడటంవల్ల వచ్చేదే. యాంజియోగ్రామ్ శుభ్రంగా ఉన్నవాళ్లకీ రావచ్చు. అలా తెగిన దారిని బాగుచేసే బిళ్ల లేదు.

పేస్‌మేకర్ పెడితే ఇక గుండెని ఆ మిషనే ఆడిస్తుందనుకుంటారు చాలామంది. నిజానికి అది గుండె సొంత దెబ్బను కనిపెట్టుకుని ఉంటుంది. రావలసిన దెబ్బ రాకపోతే, కరెంటు పోగానే ఇన్వర్టర్ అందుకున్నట్టు తను అందుకుంటుంది. హార్ట్ ఎటాక్‌ను ఆపడం, నాళాల్లో పూడికలు తీయడం దానివల్ల కావు. బీపీ, షుగర్ బిళ్లలు ఎప్పటిలాగే మింగాల్సిందే.

అసలు ప్రశ్న, వేయించుకోవాలా వద్దా? పిన్నిలాంటి కేసులో తర్జనభర్జనకు చోటు లేదు. దారి పూర్తిగా తెగితే, మళ్లీ సరిదిద్దగల కారణం ఏదీ లేకపోతే, పేస్‌మేకరే చికిత్స. పడిపోతున్న మనిషికైతే ఆ రాత్రే గజ్జలోంచో మెడలోంచో తాత్కాలిక వైరు వేసి ఒడ్డున పడేస్తారు. "ఇంకో నెల" అన్న మాట అక్కడ చాలా ఖరీదైనది.

కానీ నాడి తక్కువున్న ప్రతివాళ్లకీ ఇది అక్కర్లేదు, అదీ తెలుసుకోండి. నిద్రలో నలభైల్లోకి దిగడం చాలామందికి మామూలే. సైనస్ నోడ్ మందగించినవాళ్లలో ఫలానా అంకె కిందకి వస్తే పెట్టేయాలనే గీత లేదు. కళ్లు బైర్లు కమ్మడం, ఆయాసం, పడిపోవడం, ఇవి సరిగ్గా గుండె నెమ్మదించిన ఆ క్షణాల్లోనే వస్తున్నాయా అన్నది చూడాలి. హోల్టర్ అని ఒంటికి తగిలించి ఇరవై నాలుగ్గంటలు, అవసరమైతే ఇంకా ఎక్కువ, రికార్డు చేసేది అందుకే. ముందుగా మందుల డబ్బా బోర్లించి చూపించండి. అటెనోలాల్, మెటోప్రొలాల్ లాంటి బీపీ బిళ్లలు, డిల్టియాజెమ్, డిజాక్సిన్ గుండెను నెమ్మదింపజేస్తాయి. నీటికాసులకు కంట్లో వేసుకునే టిమోలాల్ చుక్కలు కూడా! కంటి చుక్కల్ని మందుల లెక్కలో ఎవరు చెబుతారు చెప్పండి? థైరాయిడ్ తగ్గినా, కిడ్నీ దెబ్బతిని ఒంట్లో పొటాషియం పెరిగినా నాడి పడిపోతుంది. ఇవి సరిచేస్తే కొందరికి మిషనే అక్కర్లేదు. అయితే బిళ్లలు మీ అంతట మీరు ఆపకండి, అది వేరే ప్రమాదం.

ఆసుపత్రి వరండాలో నాకు ఒళ్లు మండిన సంగతొకటి చెప్పాలి. కొడుకు, అల్లుడు, బాబాయి, మరుదులు, అందరూ గుంపుగా నిలబడి మాట్లాడేసుకున్నారు. "అమ్మకి చెప్పకండి, కంగారుపడుతుంది" అన్నారు. ఒంట్లో పెట్టేది ఆవిడకి, తెలియకూడనిదీ ఆవిడకే! చివరికి డాక్టరే లోపలికెళ్లి మంచం పక్కన కుర్చీ లాక్కుని చెప్పాడు. పిన్ని అడిగింది ఒక్కటే: "మళ్లీ పడిపోనా బాబూ?" ఆయన తొందరపడి మాట ఇవ్వలేదు. "గుండె ఆగి పడిపోవడం ఉండదమ్మా. బీపీ దిగిపోయి కళ్లు తిరిగితే మాత్రం దానికి ఇది పనిచెయ్యదు" అన్నాడు. ఆవిడకి ఆ మాటే నచ్చింది. సంతకం తనే పెట్టింది.

పట్టుబట్టిన ఆడమనిషి ఒకావిడ పేస్‌మేకర్ కథ మొదట్లోనే ఉంది తెలుసా? ఒంట్లో పూర్తిగా అమర్చే మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబర్ 8న స్వీడన్‌లో, కరోలిన్‌స్కా ఆసుపత్రిలో పెట్టారు. అర్నె లార్సన్ అనే 43 ఏళ్లాయన రోజుకు ఇరవై ముప్పైసార్లు స్పృహ తప్పుతుంటే, ఆయన భార్య ఎల్సె-మరీ సర్జన్ ఓకె సెన్నింగ్‌నీ, ఇంజనీరు రూనె ఎల్మ్‌క్విస్ట్‌నీ ఊపిరాడనివ్వలేదు. వాళ్లు బ్యాటరీనీ పరికరాలనీ షూ పాలిష్ డబ్బా అచ్చులో రెసిన్ పోసి బిగించారు. మొదటిది కొన్ని గంటలకే ఆగిపోయింది, రెండోది వేశారు. ఆ తర్వాత జీవితమంతా కలిపి 20కి పైగా పేస్‌మేకర్లు మార్చుకుంటూ లార్సన్ 2001 దాకా, 86 ఏళ్లు బతికాడు. ఇంజనీరూ సర్జనూ ఆయనకంటే ముందే పోయారు.

ఇప్పటివి పాతిక ముప్పై గ్రాములు. పూర్తి మత్తు సాధారణంగా ఇవ్వరు. కాలర్ బోన్ కింద ఆ చోటు మొద్దుబారేలా ఇంజక్షన్ ఇచ్చి, చిన్న గాటు పెట్టి, రక్తనాళం గుండా వైర్లు గుండెలోకి దింపి, చర్మం కింద సంచిలా చేసి డబ్బీ పెట్టి కుట్టేస్తారు. గంట, కాస్త అటూ ఇటూ. నొప్పి తెలియదు గానీ గట్టిగా నొక్కుతున్నట్టు తెలుస్తుందని పిన్ని చెప్పింది. ముఖం మీద కప్పిన గుడ్డకే ఆవిడకి ఎక్కువ భయమేసిందిట. మీకూ అలా ఉంటే ముందే చెప్పండి, తొలగించి పట్టుకుంటారు.

డాక్టర్లు తమంతట అడగని సంగతొకటి. బ్రా పట్టీ, రవిక అంచు ఎక్కడ ఒరుసుకుంటాయో ముందురోజే వేలుపెట్టి చూపించండి, వీలైనంత పక్కకి గాటు పెడతారు. మామూలుగా ఎడమవైపు పెడతారు. మీది ఎడమచేతి వాటమైతే అదీ చెప్పండి. రిస్కులూ ఉన్నాయి: రక్తం గూడు కట్టడం, వైరు జారడం, ఊపిరితిత్తి పొరలోకి గాలి చేరడం, చీము పట్టడం. ఎక్కువమందికి ఇవేమీ రావు, కానీ గాటు దగ్గర ఎర్రబడినా వాచినా పసుపు అద్దుకుని కూర్చోకండి, వెంటనే వెళ్లండి.

ఇంటికొచ్చాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆ చెయ్యి భుజం కంటే పైకి ఎత్తకూడదు. వినడానికి తేలికే. దండెం మీద చీర ఆరేయడం, అటక మీది డబ్బా దించడం, జడ వేసుకోవడం, అన్నీ ఆ చేతివే! పిన్నికి కోడలు జడ వేసేది. ఆవిడకి బిగుతు చాలదు, ఈవిడకి ఓపిక చాలదు. అలాగని చెయ్యి అసలు కదపకుండా మెడకి కట్టేసుకుంటే భుజం పట్టేస్తుంది. నడుము దగ్గర ఆడిస్తూనే ఉండాలి.

వంటింట్లో మిక్సీ, మైక్రోవేవ్ మామూలుగా వాడుకోవచ్చు. ఇండక్షన్ పొయ్యికి మాత్రం రెండడుగుల ఎడం. సెల్‌ఫోన్ ఆరంగుళాల దూరంలో ఉండాలి. అంటే రవికలో దోపుకునే అలవాటు, అందులోనూ ఎడమవైపు, ఈ రోజే మానాలి. అయస్కాంతపు గొలుసులు, కంకణాలు వద్దు. గుడి దగ్గరా ఎయిర్‌పోర్టులోనూ ద్వారంలోంచి ఆగకుండా నడిచి వెళ్లొచ్చు. చేతి డిటెక్టర్ ఛాతీ మీద ఉంచొద్దని చెప్పి, పేస్‌మేకర్ కార్డు చూపండి.

ఖర్చు మాటకొస్తే, ఒక వైరుదా రెండు వైర్లదా అన్నదాన్నిబట్టి చాలా తేడా. పైగదుల లయ శాశ్వతంగా చెదిరినవాళ్లకి ఒక వైరే సరిపోతుంది, రెండోది దండగ. "నాకు రెండెందుకు?" అని అడగడానికి మొహమాటపడకండి. తర్వాత ఎమ్మారై తీయించుకోవడానికి పనికొచ్చేదేనా, బ్యాటరీ ఎన్నేళ్లు, ఇవీ అడగండి. ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుందంటారు. అయిపోయే ముందే చెకప్‌లో తెలుస్తుంది, అప్పుడు సాధారణంగా డబ్బీ మారిస్తే చాలు. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద ఈ చికిత్స ఉంది. కార్డు ఉంటే అప్పు చేసేముందు ఆసుపత్రిలో ఆ పథకం సహాయ కేంద్రంలో అడగండి.

పెద్దవాళ్లు గొంతు తగ్గించి అడిగే మాట ఇంకోటుంది: "ఇది ఉంటే ప్రాణం సుఖంగా పోదేమోనే?" పోతుంది. చివరి గడియలో గుండె కండరం ఆ సంకేతానికి పలకదు. దహనానికి ముందు మాత్రం దాన్ని తీయించాలి, బ్యాటరీ పేలుతుంది. ఇది కొడుకులకి ముందే తెలిసి ఉండటం మంచిది. అలాగే వేరే పెద్ద జబ్బుతో చివరిదశలో ఉన్న మనిషి నాకొద్దంటే, ఆ మాటకి విలువివ్వాలి. కానీ నడుస్తూ తిరుగుతూ ఉన్న మనిషికి వయసును అడ్డం పెట్టడం నేను ఒప్పుకోను.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మధ్య కారణం తెలియకుండా పడిపోయారా? ఎండో ఉపవాసమో అనుకుని వదిలేయకుండా ఈసీజీ తీయించండి. అందులో ఏమీ కనపడకపోయినా, పడిపోయిన సంగతి గట్టిగా చెప్పి, హోల్టర్ పెడతారా అని అడగండి.