గుండెలోని కాపలా కణాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో వ్యవసాయ బావి దగ్గర మోటారు నడవడం మీలో చాలామంది చూసే ఉంటారు. బావిలోకి దించిన పైపు అడుగున ఫుట్‌వాల్వు ఉంటుంది. అది నీటిని పైకి పోనిస్తుంది గాని, కిందికి జారనివ్వదు. అది అరిగిపోతే పైపులోని నీరంతా తిరిగి బావిలో పడుతుంది. అప్పుడు మోటారు ఎంత తిరిగినా నీరు రాదు.

మీ ఛాతీలోనూ ఒక పంపు ఉంది. అదే గుండె. అది రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. రక్తం వెనక్కు రాకుండా అందులో నాలుగు కవాటాలు కాపాడుతుంటాయి. పైపుకు కొత్త ఫుట్‌వాల్వు బిగించడం తేలికే. గుండె కవాటం చెడితే అంత తేలిక కాదు. విచిత్రమేమిటంటే, కొందరు పిల్లల్లో ఆ కవాటాన్ని చెడగొట్టేవి శరీరాన్ని కాపాడవలసిన కణాలే! ఇది ఎలా జరుగుతుందో తెలుసుకుందాం.

కాపలా కణాలంటే ఏవి?

1882లో మెచ్నికోవ్ అనే రష్యా శాస్త్రజ్ఞుడు ఇటలీలోని మెస్సీనాలో ఒక ప్రయోగం చేశాడు. గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప డింభకంలోకి చిన్న ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. శరీరంలో చొరబడిన వాటిని మింగివేసే ఈ కణాలే భక్షక కణాలు. ఈ కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది.

ఆరోగ్యంగా ఉన్న గుండెలో కూడా భక్షక కణాలు ఉంటాయి. వీటిలో కొన్ని మనం తల్లి గర్భంలో ఉన్నప్పుడే అక్కడ స్థిరపడతాయి. చనిపోయిన కణాల చెత్తను ఎత్తివేయడం వాటి పని. గుండె లయను నడిపే విద్యుత్ సంకేతాలకు కూడా ఇవి తోడ్పడతాయని 2017లో ఎలుకలపై జరిగిన పరిశోధనలో తేలింది. మరికొన్ని ఎముకల మజ్జలో పుట్టి, గుండెకు దెబ్బ తగిలినప్పుడు రక్తం ద్వారా వచ్చి చేరతాయి.

జన్యువుల ఆజ్ఞ

మన కణాలన్నిటిలోనూ దాదాపు ఒకే జన్యువులు ఉంటాయి. వాటిలో ఏవి పనిచేస్తున్నాయో దానిని బట్టి కణం స్వభావం ఏర్పడుతుంది. ఉదాహరణకు, సి.సి.ఆర్.2 అనే జన్యువు పనిచేస్తున్న కణం పైపొర మీద ఒక గ్రాహకం తయారవుతుంది. ఎక్కడో దెబ్బ తగిలిందన్న రసాయన పిలుపును అది అందుకుంటుంది. మజ్జ నుండి వచ్చే కణాలలో ఈ జన్యువు పనిచేస్తుంది. పుట్టుకకు ముందే గుండెలో స్థిరపడిన కణాలలో అది సాధారణంగా నిద్రపోతూ ఉంటుంది.

కాపలాదారుల పొరపాటు

స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా వల్ల గొంతునొప్పి వస్తుంది. ఇరుకు గదుల్లో ఎక్కువమంది పడుకునే చోట ఇది తేలికగా వ్యాపిస్తుంది. మన కణాలు దాని పైనున్న ప్రోటీన్‌ను శత్రువుగా గుర్తుపట్టి పోరాడతాయి. అయితే ఆ ప్రోటీన్‌లో కొన్ని భాగాలు గుండెలోని ప్రోటీన్‌లను పోలి ఉంటాయి. గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు కొందరిలో ప్రతిరక్షకాలు, టి కణాలు గుండెనే శత్రువని భ్రమిస్తాయి. భక్షక కణాలూ వచ్చి చేరతాయి. కవాటాలు వాచి, క్రమంగా మందమై, సరిగా మూసుకోవు లేదా తెరుచుకోవు. ఇదే రుమాటిక్ గుండె జబ్బు. ఇది మొదలయ్యేది ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ల వయసులోనే. అంటే మీ వయసులోనే!

ఒకే ఇంట్లో అన్నకూ, చెల్లెలికీ గొంతునొప్పి వచ్చినా ఇద్దరికీ గుండె జబ్బు రాకపోవచ్చు. దీనికి ఒక కారణం ఆరవ క్రోమోసోముపై ఉన్న హెచ్.ఎల్.ఏ. జన్యువులు. శత్రువు ముక్కలను టి కణాలకు చూపించే పళ్లేల వంటి ప్రోటీన్‌లను ఇవి తయారుచేస్తాయి. ఈ పళ్లేలు మనిషికీ మనిషికీ తేడాగా ఉంటాయి. కొన్ని రకాల పళ్లేలు ఉన్నవారిలో పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

మీరేం చేయాలి?

జన్యువులను మనం మార్చుకోలేము. కాని గొంతు దగ్గరే ఈ జబ్బును ఆపగలం. గొంతునొప్పులలో చాలావరకు వైరస్ వల్ల వచ్చేవే. వాటికి పెన్సిలిన్ అక్కరలేదు. ఏది ఏదో తేల్చవలసినది డాక్టరే. కనుక జ్వరంతో గొంతునొప్పి వస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మందు ఇస్తే నొప్పి తగ్గినా చెప్పినన్ని రోజులూ వాడండి. ఒక కీలు తరువాత మరో కీలు వాచి నొప్పి పెడుతున్నా, ఆయాసం వస్తున్నా ఇంట్లో దాచకండి. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చినవారికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఏళ్ల తరబడి మానకుండా వేయించుకోవాలి. ఎందుకంటే, మళ్లీ జ్వరం వచ్చిన ప్రతిసారీ కవాటం మరింత చెడిపోవచ్చు.

పేదలకు ఖరీదైన చికిత్సలు అందించేందుకు 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది. తొలి మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. గుండె ఆపరేషన్లు కూడా అందులో ఉన్నాయి. అయినా లోహపు కవాటం అమర్చిన వారు జీవితాంతం రక్తం గడ్డకట్టని మాత్రలు మింగవలసిందే. ఆ అవస్థకంటే వేళకు వేయించుకున్న ఇంజెక్షన్ ఎంత మేలు!

ఆలోచించి చెప్పండి

1. గుండె కవాటానికీ, ఫుట్‌వాల్వుకూ పోలిక ఏమిటి?
2. గొంతులోని బాక్టీరియా వల్ల గుండె ఎందుకు దెబ్బతింటుంది?
3. నొప్పి తగ్గగానే మందు మానివేసిన మిత్రునికి మీరేమని చెబుతారు?