బాటకు పిట్టగోడ

ముఖ్యపాఠము: ద్వితీయోపదేశకాండము 22:8
తోడు పాఠములు: లేవీయకాండము 19:14, లూకా 10:25–37



క్రొత్త యిల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. గోడ లేని మిద్దెమీదనుండి యెవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఇంటివానిదే. ఎవడో పడిన తరువాత కట్టుమని గాక, ఎవడును పడకమునుపే కట్టుమని ఆజ్ఞ. “వాడు చూచుకొని నడవవద్దా?” అని తప్పించుకొనుటకు ఇంటివానికి చోటు లేదు.

ఆ దేశములో మిద్దె జనులు తిరుగు చోటు, పంట ఆరబెట్టుకొను చోటు కూడ. యెరికోలో రాహాబు తన మిద్దెమీద జనుపకట్టెను పరచియుంచెనని యెహోషువ 2వ అధ్యాయములో చదువుచున్నాము. మన వరంగల్ పల్లెలలో పంట ఆరబెట్టు చోటు అనేకులకు తారురోడ్డే. నడచువారును, సైకిలువారును, మోటారు బండ్లవారును పోవునది ఆ రోడ్డుమీదనే. కావున ఈ మాసము ఆ ఆజ్ఞను మన బాటకు అన్వయించి చూతము.

1. రోడ్డుమీది వడ్లు

వానాకాలపు కోతలప్పుడును, యాసంగి కోతలప్పుడును రోడ్డు సగము వడ్లతోను మక్కలతోను నిండుట మనమెరిగినదే. రైతు దీనిని వేడుకకు చేయుటలేదు. కోతమిషను కోసిన వడ్లలో పచ్చి మిగిలియుండును. కొనుగోలు కేంద్రములో తేమ 17 శాతమునకు మించరాదు. కల్లము లేని చిన్న రైతుకు తారురోడ్డు గట్టిగా, వేడిగా, మన్ను కలియని చోటుగా కనబడును. ఆరు నెలల కష్టము వానకు తడిసిపోవునను భయము అతనిని తొందరపెట్టును. ఆ భయము నిజమైనది. దానిని తేలికగా మాటలాడుట మాకు ఇష్టము లేదు.

అయితే సాయంకాలము ఆ వడ్లను కుప్పచేసి, నల్ల పరదా కప్పి, అంచులకు రాళ్లు పెట్టి మనము ఇంటికి పోవుదుము. చీకటిలో నల్లని రోడ్డుమీద నల్లని కుప్ప కనబడునా? గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు మోటారు సైకిలు ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోవును. కన్ను చూచి చేయి బ్రేకు పట్టులోగా ఆ సెకను గడచిపోవును. ఆపైన చెదరిన గింజలమీద చక్రము జారును. ఆ బండిమీద వచ్చువాడు పట్నములో పని ముగించుకొని యింటికి చేరుచున్న పొరుగింటి కుమారుడే కావచ్చును.

గ్రుడ్డివాని యెదుట అడ్డము పెట్టరాదని లేవీయకాండము 19:14 బోధించుచున్నది. చీకటిలో వచ్చు బాటసారి కన్నులుండియు ఆ కుప్ప యెదుట గ్రుడ్డివానివంటివాడే. కావున జాతీయ రహదారిమీదను, మలుపులయొద్దను, వంతెనలమీదను ధాన్యము ఎంతమాత్రము పోయరాదు. ప్రొద్దు క్రుంకకమునుపే కుప్పను రోడ్డుమీదనుండి తీసివేయవలెను. కట్టిన రాళ్లను ప్రక్కకు దొర్లించి పోరాదు. చేతితో ఎత్తి దూరముగా పెట్టవలెను.

2. చక్రములమీద పోవువారు

కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ లెక్క ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమందు 1,68,491 మంది రోడ్డు ప్రమాదములలో మరణించిరి. వారిలో నూటికి 44 మంది ద్విచక్ర వాహనములమీద పోవువారు. 19 మంది నడచి పోవువారు. కారులో కూర్చున్నవానికి చుట్టు ఇనుప గోడ కలదు. వీరికి ఏ గోడయు లేదు. 2017వ సంవత్సరపు మోటారు వాహనముల నిబంధనలు కూడ నడచువారు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు, అంగవైకల్యము గలవారి విషయమై బండి నడుపువాడు ప్రత్యేక జాగ్రత్త వహింపవలెనని చెప్పుచున్నవి. బలముగలవాడు బలహీనుని భారము మోయుట సంఘములోనే కాదు, రోడ్డుమీదను ధర్మమే.

వేగము రెట్టింపైనయెడల బ్రేకు వేసిన తరువాత ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. కావున ఊరు, బడి, బస్సు ఆగు చోటు కనబడగానే వేగము తగ్గించుడి. ఎదుటి బండి వచ్చునప్పుడు డిప్పరు కొట్టుడి. నడుపువాడును వెనుక కూర్చుండువాడును, నాలుగేండ్లు దాటిన పిల్లలును హెల్మెట్టు పెట్టుకొనవలెనని 2019వ సంవత్సరపు సవరణ చట్టము చెప్పుచున్నది. హెల్మెట్టు పోలీసువారి కొరకు కాదు, యింటియొద్ద ఎదురుచూచు భార్యాబిడ్డల కొరకు.

తండ్రులారా, పదునెనిమిది యేండ్లు నిండని కుమారునికి బండి తాళము ఇయ్యకుడి. ఆ చట్టము ప్రకారమే పిల్లవాడు చేసిన నేరమునకు తండ్రికి, లేక బండి యజమానునికి, మూడేండ్ల వరకు ఖైదును 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చును.

పత్తి, మిర్చి బస్తాలతో తెల్లవారకమునుపే ఎనుమాముల మార్కెటుకు బయలుదేరు ట్రాక్టరువారు ట్రాలీ వెనుక ఎఱ్ఱ దీపమున్నదా, రేడియం స్టిక్కర్లున్నవా అని చూచుకొనవలెను. ఎడ్లబండికిని సైకిలుకును ఆ స్టిక్కరు అంటింపవచ్చును. కొద్ది రూపాయలతో కొనదగిన పిట్టగోడ అది. కూలీలను ఆటోలో అనుమతికి మించి ఎక్కించుకొనువాడు వారి ప్రాణములకు తాను ఉత్తరవాదియని మరువరాదు.

3. నడచువారును సైకిలువారును

బలహీనునికి కూడ బాధ్యత కలదు. కాలిబాట లేని చోట రోడ్డు కుడి ప్రక్కను నడచినయెడల ఎదురుగా వచ్చు బండి మన కంటికి కనబడును. రాత్రివేళ కూడికలనుండి గుంపులుగా వచ్చునప్పుడు రోడ్డు నిండ నడువక, వరుసగా నడువుడి. ముందువానియొద్దను వెనుకవానియొద్దను టార్చిలైటు ఉండవలెను. తెల్లని బట్టలు మేలు. బస్సు దిగినవాడు దాని ముందునుండి రోడ్డు దాటరాదు; బస్సు కదలి పోయిన తరువాత రెండు ప్రక్కల చూచి దాటవలెను. సైకిలువారు ఎడమ అంచున ఒకని వెనుక ఒకడు పోవలెను. మలుపు తిరుగకమునుపు వెనుకకు చూచి చేయి చూపవలెను.

4. పడినవాని యొద్ద

యెరికో బాటలో గాయపడినవానిని చూచి యాజకుడును లేవీయుడును ప్రక్కగా పోయిరి. మన కాలములో పోలీసు కేసు, కోర్టు తిరుగుడు అను భయముచేత అనేకులు అట్లే పోయిరి. ఇప్పుడు ఆ భయమునకు కారణము లేదు. 2016వ సంవత్సరములో సుప్రీంకోర్టు తీర్పును, 2019వ సంవత్సరపు సవరణలోని 134ఎ సెక్షనును మంచి మనస్సుతో సహాయము చేసినవానికి కాపుదలగా నున్నవి. తన పేరు చెప్పుమని అతనిని బలవంతము చేయరాదు. గనుక ముందుగా 108కి ఫోను చేయుడి. వచ్చు బండ్లకు దీపము చూపి నిలుపుడి. రక్తము కారుచున్నయెడల శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టుడి. మెడకు గాని నడుమునకు గాని దెబ్బ తగిలినదని తోచినయెడల, మరియొక అపాయము లేనంతవరకు, అతనిని కదలింపకుడి. ఫోనులో బొమ్మ తీయుటకు నిలుచువాడు ప్రక్కగా పోయినవానికంటె మేలైనవాడు కాడు.

సంఘ కూటములలో ఆలోచించుటకు

1. మన ఊరి రోడ్డుమీద రాత్రివేళ అపాయకరమైన చోట్లు ఏవి? వాటిలో మన చేతులతో కలిగించినవి ఎన్ని?

2. మన సంఘములో దీపము లేని ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు, సైకిళ్లు ఎన్ని కలవు? యౌవనస్థులు ఒక శనివారము వాటన్నిటికి స్టిక్కర్లు అంటింపగలరా?

3. కల్లము లేని రైతుకు రోడ్డుమీద పోయకుమని చెప్పుట సులభము. చోటు చూపుట కష్టము. మన ఆలయ ఆవరణము ఆదివారము తప్ప తక్కిన దినములు ఖాళీగా నుండును. కోతకాలమందు దానిని, ఏ మతమువాడు ఏ కులమువాడు అని అడుగక, ఊరి చిన్న రైతులు వడ్లు ఆరబెట్టుకొనుటకు ఇయ్యరాదా? వచ్చు కోతకు ముందే పెద్దలు కూడి దీనిని తీర్మానించుదురు గాక.