పులుస్తున్న కల్లు రవాణా: పాత్రలో వాయువు, పీడనం

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, ఆలంపూర్ పరిసర గ్రామాలలో, తెల్లవారుజామున చెట్టు దిగిన లొట్టి కొన్ని గంటలలో మండువాకు చేరాలి. చేరేసరికి కల్లులో పొంగు, నాలుకకు తగిలే చురుకు మిగిలి ఉంటేనే గిరాకీ ఉంటుంది. ఆ చురుకుకు కారణం కల్లులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు. పాశ్చాత్య దేశాలలో ఇంటివద్ద బీరు తయారుచేసుకొనేవారు దానిని చిన్న పాత్రలలో మరొక చోటికి తీసుకొని పోయేటప్పుడు ఈ వాయువునే కాపాడుకోవలసి ఉంటుంది. అయితే బీరు రవాణా నాటికి పులియడం దాదాపు ముగిసి ఉంటుంది. కల్లు దారిలోనే పులుస్తూ ఉంటుంది. అందువలన మూత తెరచి ఉంచితే కల్లు చప్పబడుతుంది, బిగిస్తే పాత్ర పగిలే ప్రమాదం ఉంటుంది. ఈ రెండింటి మధ్య హద్దు ఎక్కడ ఉన్నదో లెక్కతో తెలుసుకొనవచ్చు.

తాటి, ఈత చెట్ల తాజా నీరాలో చక్కెర ముఖ్యంగా సుక్రోజు రూపంలో ఉంటుంది. ఉదాహరణకు 12 శాతం చక్కెర ఉన్న నీరాను తీసుకొందాము. ఈస్టు 342 గ్రాముల సుక్రోజును పూర్తిగా పులియబెడితే 184 గ్రాముల ఆల్కహాలు, 176 గ్రాముల బొగ్గుపులుసు వాయువు ఏర్పడతాయి. ఈ లెక్కన ఒక లీటరు నీరా నుండి సుమారు 60 గ్రాముల వాయువు వెలువడుతుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద అది దాదాపు 35 లీటర్ల పరిమాణం. ఇది గరిష్ఠ అంచనా. లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా కొంత చక్కెరను పెద్దగా వాయువు లేకుండానే ఆమ్లంగా మార్చుతుంది కనుక వాస్తవంలో కొంత తక్కువ ఉంటుంది.

ఇంత వాయువులో ద్రవం నిలుపుకొనగలిగినది స్వల్పం. సాధారణ వాతావరణ పీడనం వద్ద లీటరు నీటిలో కరిగే బొగ్గుపులుసు వాయువు 0 డిగ్రీల వద్ద సుమారు 3.3 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 2.3 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 1.3 గ్రాములు, 40 డిగ్రీల వద్ద ఒక గ్రాము మాత్రమే. కల్లులోని చక్కెర, ఆల్కహాలు ఈ అంకెలను కొద్దిగా మార్చినా క్షేత్రస్థాయి లెక్కకు ఇవి చాలును. సీసాలో అమ్మే బీరులో లీటరుకు సుమారు 5 గ్రాముల వాయువు ఉంటుంది. 40 డిగ్రీలు దాటే నడిగడ్డ వేసవిలో తెరచిన కుండలోని కల్లు అందులో అయిదవ వంతు కూడా పట్టి ఉంచలేదు. మండువాలో ఎండాకాలపు కల్లు చప్పగా ఉన్నదని ఫిర్యాదు వస్తే అందుకు గీత కార్మికుని తప్పు పట్టడం ఎప్పుడూ న్యాయం కాదు.

మూత బిగిస్తే ఏమగును? లీటరుకు 5 గ్రాముల వాయువు ఉన్న ద్రవాన్ని మూసి ఉంచిన పాత్రలో సమతాస్థితి పీడనం 10 డిగ్రీల వద్ద సుమారు 2 వాతావరణాలు, 30 డిగ్రీల వద్ద 3.8, 40 డిగ్రీల వద్ద సుమారు 5 వాతావరణాలు. ఈ 5 గ్రాములు ఏర్పడటానికి కావలసిన చక్కెర లీటరుకు కేవలం 10 గ్రాములు, అనగా ఒక శాతం. సీసా మూసే సమయానికి కల్లులో నాలుగు శాతం చక్కెర మిగిలి ఉండి అది పూర్తిగా పులిస్తే, 30 డిగ్రీల వద్ద పీడనం 15 వాతావరణాలను మించుతుంది. అతి మందపాటి గాజుతో చేసే షాంపేన్ సీసాలో ఉండే పీడనం సుమారు 6 వాతావరణాలే. మామూలు బీరు సీసాను కడిగి, ఉదయపు కల్లు నింపి, మూత బిగించి ఎండలో ఆటోలో పెట్టడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి గ్రహించవచ్చు. పగిలిన గాజు ముందుగా తగిలేది సీసాలు మోసేవారి చేతులకు, కళ్ళకు.

మిగిలిన చక్కెరను కొలవడంలో ఒక చిక్కు ఉన్నది. దీనిని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. నీరా నాణ్యతకు వాడే చేతి రిఫ్రాక్టోమీటర్ పులిసిన కల్లులో సరి అయిన విలువ ఇవ్వదు. ఆల్కహాలు వలన చక్కెర ఉన్నదానికంటె ఎక్కువగా కనిపిస్తుంది. హైడ్రోమీటర్ ఇందుకు విరుద్ధంగా తక్కువ చూపుతుంది. మొదట 12 శాతం ఉన్న నీరా పులిసి హైడ్రోమీటరుపై సున్నా చూపినపుడు కూడ అందులో సుమారు రెండు శాతం ఘనపదార్థం మిగిలి ఉంటుంది. అది అంతా చక్కెరే అనుకొంటే 30 డిగ్రీల వద్ద ఏర్పడగల పీడనం 7 వాతావరణాలకు పైనే. కావున సున్నా చూసి "పులియడం అయిపోయినది" అని భావించి గాజు సీసా మూయరాదు. కొలిచే ముందు నమూనాను బాగా గిలకొట్టి వాయువు పోగొట్టాలి. లేనిచో బుడగలు హైడ్రోమీటరును పైకి ఎత్తి తప్పు విలువ చూపుతాయి.

పాత్రల విషయానికి వస్తే, మట్టి కుండ పీడనం నిలుపదు. కాని దాని రంధ్రాల గుండా నీరు ఆవిరై కల్లు చల్లబడుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే ఈ మెట్ట ప్రాంతంలో ఇది చిన్న మేలు కాదు. ప్లాస్టిక్ క్యాన్లకు తడి గోనె చుట్టినా అదే ఫలితం కొంతవరకు లభిస్తుంది. ఈ క్యాన్లు పీడన పాత్రలు కావు. మూత బిగిస్తే ఉబ్బి అతుకుల వద్ద చిట్లుతాయి. దూరం తీసుకొని పోయే కల్లుకు మూతలో సన్నని గొట్టం అమర్చి, దాని రెండవ కొన నీటి సీసాలో ముంచి ఉంచాలి. లోపలి వాయువు బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఈ రెండవది ముఖ్యము. కల్లును వినెగారు పులుపుకు తెచ్చే ఎసిటిక్ బాక్టీరియాకు ప్రాణవాయువు అవసరం. సగం నిండిన క్యాను కుదుపులకు గాలిని కలుపుకొని త్వరగా చెడుతుంది. క్యానును నురుగుకు కొద్ది చోటు మాత్రమే విడిచి నింపాలి.

పీడనంతో కల్లును పంపదలచినవారికి ఉపశమన కవాటం ఉన్న ఉక్కు పీపా ఉత్తమం. ఇంటి బీరు తయారీదారులు వాడే 19 లీటర్ల పీపాలు ఈ కోవలోనివే. అంత పెట్టుబడి పెట్టలేని సంఘాలకు, శీతల పానీయాలకు వాడిన గీతలు, నొక్కులు లేని పెట్ సీసాలు కొంత నయం. అవి పగిలినా గాజు పెంకుల వలె చీల్చవు. పైగా చేతితో నొక్కి లోపలి పీడనాన్ని అంచనా వేయవచ్చును.

వాయువు ఎక్కువగా పోయేది ప్రయాణంలో కంటె ఒంపడంలో. లొట్టి నుండి క్యానుకు, క్యాను నుండి బకెట్టుకు, అక్కడి నుండి సీసాకు ఎత్తుగా ఒంపిన ప్రతిసారీ నురుగు రూపంలో వాయువు తప్పించుకొంటుంది. కల్లును ముందుగా చల్లబరచి, గొట్టాన్ని సీసా అడుగు వరకు దించి నెమ్మదిగా నింపితే నష్టం చాలా తగ్గును. కుదుపుల వలన పీడనం పెరుగుతుందని సాధారణంగా అనుకొంటారు. సమతాస్థితిలో ఉన్న మూసిన సీసాను కుదిపినందువలన పీడనం పెరగదు. ద్రవంలో చెదిరిన సన్నని బుడగలు మూత తీసిన క్షణంలో వాయువు విడుదలకు కేంద్రాలై కల్లును పొంగిస్తాయి. గమ్యం చేరిన సీసాలను చల్లని చోట ఒక గంట కదలకుండా ఉంచి, మూతను కొద్దికొద్దిగా వదులు చేయాలి.

పొంగును బట్టి కల్లు మంచిదని వినియోగదారులు నిర్ణయించుకోవడం వాడుక. ఇది సరి అయిన పరీక్ష కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో బయటపడిన క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తు మందులను గాని, శాకరిన్‌ను గాని నురుగు చూసి గుర్తించలేము. అటువంటి కల్లుకు అలవాటు పడినవారు అది అందనప్పుడు వణుకు, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైన సందర్భాలు పాత మహబూబ్‌నగర్ జిల్లాకు కొత్త కావు. చప్పబడిన సరుకును తిరిగి "లేపడానికి" ఏదో ఒకటి కలపాలనే ఒత్తిడి, సరుకు చెడకుండా చేరినప్పుడు కొంతైనా తగ్గుతుంది. రవాణా మెళకువలను విస్తరణ కార్యక్రమాలలో చేర్చడానికి ఇదే బలమైన కారణం. కల్లు రవాణా ఆబ్కారీ అనుమతికి లోబడినది. తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోవడం రాష్ట్ర సరిహద్దు దాటడమే కనుక దానికి ఇక్కడి అనుమతి ఒక్కటే చాలదు.

పులియడాన్నే ఆపదలచిన వారి మార్గం వేరు. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరాను చెట్టు మీదనే మంచు పెట్టెలో సేకరించే పద్ధతిని రూపొందించినది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో ప్రారంభమైన నీరా కేఫ్ వంటి చోట్లకు సరఫరా చేయాలంటే ఇటువంటి శీతల గొలుసు తప్పనిసరి. మండువాకు పోయే కల్లుకు అంత చలి అవసరం లేదు.

గీత పారిశ్రామిక సహకార సంఘాల సభ్యులకు ఈ విషయం ఒక చిన్న ప్రదర్శనతో బోధించవచ్చు. ఒకే లొట్టి కల్లును మూడు పెట్ సీసాలలో నింపి మూత బిగించి ఒకటి మంచులో, ఒకటి తడి గోనెలో, ఒకటి నీడన ఉంచాలి. అరగంటకు ఒకసారి ప్రతి సీసాను సభ్యుల చేతనే నొక్కించాలి. నీడన ఉంచినది రాయివలె గట్టిపడగానే ఆలస్యం చేయక మూత కొద్దిగా వదులు చేసి వాయువు తీసివేయాలి. ఈ ప్రదర్శనకు గాజు సీసా ఎట్టి పరిస్థితిలోను వాడరాదు.