తాత్కాలికం అన్నచోట ఆగి చదువు

చి. అమ్మలుకి,

మూట్ కోర్టు పోటీలో నీకు ఇజ్రాయెల్ తరఫు వాదన పడిందనీ, మనసొప్పక పక్షం మార్చమని అడుగుదామనుకుంటున్నాననీ రాశావు. అడక్కు. నచ్చిన పక్షం చేతికొస్తే ఫైలు సగమే చదువుతాం. నచ్చనిది వస్తే అక్షరం వదలం. పాలస్తీనా విషయంలో సగం చదివినవాళ్లకు కొదవ లేదు, టీవీ పెడితే వాళ్లే.

బతుకంతా భూమి దావాలు నడిపినవాణ్ణి, అంతర్జాతీయ న్యాయం నా వృత్తి కాదు. అయినా చొరవ చేసి రాస్తున్నానంటే, ఈ వ్యవహారంలో చదవాల్సినవి చాలావరకు భూమి కాగితాలే కాబట్టి. రిక్విజిషన్ ఆర్డర్లు, సర్వే రికార్డులు, పన్ను రసీదులు, అఫిడవిట్లు. "చట్టం ఇంత స్పష్టంగా ఉంటే ఎందుకు అమలు కావడం లేదు" అని అడిగావు. అక్కడ జరిగినదంతా చట్టాన్ని అవతల పారేసి చేసింది కాదమ్మా. సంతకం ఉంది, సీలు ఉంది, అప్పీలుకు గడువు ఉంది. యుద్ధం ముగిసి సైన్యం వెళ్లిపోయేదాకా పనికొస్తాయని చట్టం ఇచ్చిన వెసులుబాట్లను ఒక్కొక్కటిగా వాడుకుంటూ అర్ధ శతాబ్దం దాటించారు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతా ఫైలు నీకు అర్థమవుతుంది.

ముందు పునాది. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలెం, గాజా పట్టుకుంది. శత్రు సైన్యం అధీనంలోకి వచ్చిన నేల ఆక్రమిత ప్రాంతం అవుతుందని 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వ ఆర్టికల్ చెబుతుంది. తప్పనిసరైతే తప్ప అక్కడి చట్టాలు మార్చకూడదంటుంది 43. ప్రభుత్వ భూముల ఫలసాయం అనుభవించవచ్చు గానీ సొంతం చేసుకోకూడదంటుంది 55. 1949 ఆగస్టు 12 నాటి నాలుగో జెనీవా ఒప్పందం మనుషుల సంగతి చూసింది. సామూహిక శిక్షలు వద్దని 33వ ఆర్టికల్. అక్కడి జనాన్ని బలవంతంగా తరలించవద్దు, నీ జనాన్ని తెచ్చి అక్కడ దించవద్దు అని 49. సైనిక చర్యలకు తప్పనిసరైతే తప్ప ఆస్తులు కూల్చవద్దని 53. వచ్చిన సైన్యం ఎన్నాళ్లో ఉండదన్న లెక్క మీదే కోర్టులు పెట్టే అధికారం, మనుషుల్ని నిర్బంధించే అధికారం, పొలాన్నో ఇంటినో సైన్యం అవసరానికి తీసుకునే అధికారం ఇచ్చారు.

ఈ సంగతులు ఇజ్రాయెల్ ప్రభుత్వానికి తెలియక కాదు. యుద్ధమైన మూడు నెలలకే, 1967 సెప్టెంబరులో, విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరాన్ రహస్య నోటు రాసిచ్చాడు. ఆక్రమిత ప్రాంతాల్లో పౌర ఆవాసాలు కట్టడం నాలుగో జెనీవా ఒప్పందానికి నేరుగా విరుద్ధమని అందులో ఉంది. ఆయన తర్వాత మాజీ యుగోస్లావియా యుద్ధ నేరాల ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడయ్యాడు. అంతకుముందు, సైన్యం వెస్ట్ బ్యాంక్‌లో అడుగుపెట్టగానే ఇచ్చిన మూడో ప్రకటన చూడు. సైనిక కోర్టులు జెనీవా ఒప్పందాన్ని పాటించాలనీ, తమ ఆదేశానికీ దానికీ పొసగకపోతే ఒప్పందానిదే పైచేయి అనీ 35వ ఆర్టికల్‌లో ఉంది. ఆ అక్టోబరులోనే దాన్ని కొట్టేశారు. కొట్టివేతలు జాగ్రత్తగా చదవడం అలవాటు చేసుకో.

ఇక నీ పక్షానికి మొదటి కాలు. దీన్ని నిలబెట్టినవాడు మేయిర్ షమ్గార్. సైన్యానికి ప్రధాన న్యాయాధికారిగా ఉండి, ఆనక సుప్రీంకోర్టు అధ్యక్షుడయ్యాడు. జెనీవా ఒప్పందం రెండో ఆర్టికల్ సభ్యదేశపు భూభాగం గురించి మాట్లాడుతుంది. వెస్ట్ బ్యాంక్‌ను 1950లో జోర్డాన్ తనలో కలుపుకున్నా ఆ విలీనాన్ని ఒప్పుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి అది ఎవరి దగ్గర్నుంచీ తీసుకున్న భూభాగం కాదు. ఒప్పందం వర్తించకపోయినా అందులోని మానవీయ నిబంధనలు మాకు మేముగా పాటిస్తాం. ఇదీ వాదన. తెలివైనదే. కానీ ఆ ఒప్పందం రక్షించేది హక్కుదారు దేశాన్ని కాదు, అక్కడ కాపురముంటున్న మనుషుల్ని. 2004 జూలై 9న అంతర్జాతీయ న్యాయస్థానం, వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కడుతున్న గోడ మీద ఇచ్చిన అభిప్రాయంలో ఈ వాదనను తోసిపుచ్చింది. నువ్వు దీని మీదే బరువంతా వేస్తే మొదటి ఐదు నిమిషాల్లోనే బెంచి నిన్ను కూలదోస్తుంది.

నేను చదివినవాటిలో నన్ను బాగా పట్టేసింది 1979 నాటి ఎలోన్ మోరె కేసు. నాబ్లస్ పక్కన రుజెయిబ్ అనే ఊరు. ఆ ఊరి రైతుల పట్టా భూములను సైన్యం అవసరం పేరుతో రిక్విజిషన్ చేసి, అక్కడ యూదు ఆవాసం నెలకొల్పారు. రైతులు ఇజ్రాయెల్ సుప్రీంకోర్టుకే వెళ్లారు. భద్రత కోసం ఈ ఆవాసం కావాలని సైన్యాధిపతి అఫిడవిట్ వేశాడు. అక్కర్లేదని మాజీ సైన్యాధిపతి హైమ్ బార్-లెవ్ అఫిడవిట్ వేశాడు. వాళ్లిద్దరూ తేల్చుకోకముందే సెటిలర్లు తమ అఫిడవిట్‌తో దిగారు. మేము వచ్చింది భద్రత కోసం కాదు, ఈ నేల దేవుడు మాకిచ్చినది, ఇక్కడ శాశ్వతంగా ఉండటానికే వచ్చాం అని అందులో సారం. ప్రభుత్వం కేసును ప్రభుత్వం తరఫువాళ్లే ముంచేశారు. సైనిక అవసరం కోసం చేసే స్వాధీనం తాత్కాలికం, శాశ్వతంగా ఉండటానికి వచ్చామన్నవాళ్ల కోసం అది చెల్లదని జస్టిస్ లాండౌ అక్టోబరు 22న తీర్పిచ్చాడు. ఆవాసాన్ని ఎత్తేయమన్నారు.

రైతులు గెలిచారు కదా అనుకుంటావు. ఆ ఆవాసం కొద్ది దూరంలో ఇంకో కొండెక్కింది. ప్రభుత్వం రిక్విజిషన్ దారి వదిలేసి 1858 నాటి ఒట్టోమన్ భూమి చట్టం దుమ్ము దులిపింది. సాగు చేయని నేల సర్కారుదని అందులో ఉంది. ఏరియల్ ఫొటోలు ముందేసుకుని, దున్నిన ఆనవాలు లేని చోటల్లా ప్రభుత్వ భూమి అని ప్రకటిస్తూ పోయారు. జోర్డాన్ కాలంలో మొదలైన హక్కుల నమోదు మూడో వంతు భూమికే పూర్తయింది. మిగతా పనిని 1968లోనే సైనిక ఆదేశంతో ఆపేశారు. ఇక రైతు చేతిలో ఏముంటుంది? తాతల నాటి పన్ను రసీదులు, ఆలివ్ చెట్లు. నలభై ఐదు రోజుల్లో సైనిక అప్పీలు కమిటీ ముందు రుజువు చేసుకోవాలి. అడంగల్‌లో పేరెక్కని రైతు సాగు చేస్తున్న పొలమే బంజరుగా రాసుకుపోతే ఏమవుతుందో మన జిల్లాల్లో పుట్టినదానివి, నీకు విడమర్చి చెప్పక్కర్లేదు. పోనీ అది నిజంగానే సర్కారు భూమి అనుకుందాం. హేగ్ 55 ప్రకారం ఫలసాయం ఎవరికి దక్కాలి? 2018లో సమాచార హక్కు చట్టం కింద ఇజ్రాయెల్ అధికారులే ఇచ్చిన లెక్కలో, కేటాయించిన ప్రభుత్వ భూమిలో 99.76 శాతం ఇజ్రాయెలీ ఆవాసాలకు పోయింది. పాలస్తీనీయులకు వచ్చింది 0.24 శాతం.

ఇప్పుడు మనుషుల దగ్గరికి రా. వెస్ట్ బ్యాంక్‌లో ఒకే రోడ్డు మీద ఒక సెటిలర్ కుర్రాడూ ఒక పాలస్తీనా కుర్రాడూ కొట్టుకున్నారనుకో. మొదటివాడు ఇజ్రాయెల్ పౌర న్యాయస్థానానికి వెళతాడు, రెండోవాడు సైనిక కోర్టుకు. సెటిలర్లను ఇజ్రాయెల్ చట్టం కిందికి తెచ్చినవి 1967 నాటి అత్యవసర నిబంధనలు. వాటిని ఇప్పటికీ ఐదేళ్లకోసారి పొడిగిస్తున్నారు. 2022 జూన్‌లో పార్లమెంటులో ఆ పొడిగింపు ఓడిపోయి ఆ ప్రభుత్వమే కూలే దాకా వచ్చింది. పాలస్తీనీయులకు సైనిక ఆదేశాలు. 1967 ఆగస్టు నాటి 101వ ఆదేశం ప్రకారం పదిమంది కూడి రాజకీయం మాట్లాడుకోవాలంటే అనుమతి కావాలి. విచారణ లేకుండా ఆరేసి నెలల చొప్పున ఎన్నిసార్లైనా పొడిగించగల నిర్బంధం ఉంది. జెనీవా 78వ ఆర్టికల్ దీనికి తలుపు తీసిందనే నువ్వు వాదించాలి. అత్యవసర భద్రతా కారణాలు ఉంటేనే అన్న షరతు అదే వాక్యంలో ఉందని అవతలివాళ్లు గుర్తుచేస్తారు. అనుమానితుడి ఇల్లు కూల్చే అధికారం 1945లో బ్రిటిష్ వాడు రాసిపెట్టిన రక్షణ నిబంధనల్లో 119వది. మన పీడీ యాక్టుకూ వీటికీ తాతగారు ఒక్కరే.

జైలు సంగతి ఇంకాస్త దగ్గరగా చూడు. శిక్షపడినవాణ్ణి ఆక్రమిత ప్రాంతంలోనే ఉంచాలని జెనీవా 76వ ఆర్టికల్. ఆచరణలో ఎక్కువమందిని ఇజ్రాయెల్ లోపలి జైళ్లకు తీసుకుపోతారు. నాబ్లస్ తల్లి నెగెవ్ ఎడారిలోని కెట్జియోట్ జైల్లో కొడుకును చూడాలంటే ఇంకో దేశంలోకి వెళ్లే పర్మిట్ కావాల్సి వచ్చేది. పర్మిట్ చేతికొస్తే రెడ్ క్రాస్ బస్సెక్కి, చెక్‌పోస్టులు దాటి వెళ్లి, అద్దం అవతలున్నవాడితో ఫోన్లో మాట్లాడి వచ్చేది. 2023 అక్టోబరు తర్వాత ఆ సందర్శనలూ ఆగిపోయాయి. ఆర్టికల్ 76 చదివినప్పుడు అది పాలనా సౌకర్యం కోసం రాసిన చిన్న నిబంధనలా కనిపిస్తుంది. అది ఎవరి కోసమో ఆ తల్లిని చూస్తే తెలుస్తుంది.

ఇజ్రాయెల్ సుప్రీంకోర్టును తక్కువ చేయకు. 2004 జూన్ 30న బెయిత్ సౌరిక్ కేసులో, భద్రతకు వచ్చే లాభం కంటే ఊళ్లకు జరిగే నష్టం ఎక్కువని గోడ దారిని సుమారు ముప్ఫై కిలోమీటర్ల మేర మార్చమంది. నీ మెమోరియల్‌కు అది నిజమైన బలం. అయితే ఆ కోర్టు ఏ ప్రశ్నను ముట్టుకోలేదో కూడా చూడు. ఆవాసాల విధానం మొత్తంగా చట్టబద్ధమేనా అని 1993లో అడిగితే, అది రాజకీయ విషయం, మేం తేల్చేది కాదంది. ఒక పొలం గురించి, గోడ ఒక వంపు గురించి, ఒక ఖైదీ గురించి అయితే వింటుంది. 2022 మే 4న మసాఫెర్ యత్తా కేసులో ఇంకో మెట్టు దిగింది. హెబ్రోన్ దక్షిణ కొండల్లో ఫైరింగ్ జోన్ 918గా ప్రకటించిన చోటి నుంచి వెయ్యిమందికి పైగా ఊళ్లవాళ్లను ఖాళీ చేయించవచ్చంది. 49వ ఆర్టికల్‌లోని తరలింపు నిషేధం ఆచారంగా స్థిరపడిన న్యాయం కాదు, దేశాల మధ్య ఒప్పందం మాత్రమే, మా కోర్టులో అమలు చేయించలేమంది. నాకు ఈ తీర్పు మింగుడు పడలేదు, రాసిన పద్ధతి కూడా.

మొత్తాన్ని ఒక్క ప్రశ్నగా చూసింది 2024 జూలై 19 నాటి అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం. ఆక్రమణను శాశ్వత పట్టుగా మార్చడం, పాలస్తీనా ప్రజల స్వయంనిర్ణయ హక్కును అడ్డుకుంటూ పోవడం వల్ల ఇజ్రాయెల్ అక్కడ ఉండటమే చట్టవిరుద్ధమైందని 11-4తో తేల్చింది. 2005లో గాజా నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకున్నంత మాత్రాన బాధ్యతలన్నీ తీరిపోలేదని కూడా అంది. ఓస్లో ఒప్పందాల్లో ఆవాసాల సంగతి చివరి చర్చలకు వదిలేశారు కాబట్టి కోర్టు తలదూర్చకూడదని నువ్వు వాదిస్తావు. దానికి విరుగుడు జెనీవా 47వ ఆర్టికల్. ఏ ఒప్పందం చేసుకున్నా రక్షిత వ్యక్తుల హక్కులు పోవు. జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం మూడో ఆర్టికల్ ఉల్లంఘన జరిగిందన్నారు గానీ, ఆ ఆర్టికల్‌లోని వేర్పాటూ అపార్థైడ్‌లలో ఏది అన్నది విప్పి చెప్పలేదు. కోర్టు చెప్పనిదాన్ని చెప్పినట్టు రాయకు, అవతలివాళ్లు రాస్తే వదలకు.

2023 అక్టోబరు 7 నీ వాదనలో వస్తుంది, రావాలి కూడా. హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 250 మంది దాకా బందీలయ్యారు. పౌరుల్ని చంపడం, బందీలుగా పట్టుకుపోవడం ఏ ఆక్రమణా మాఫీ చేయని నేరాలు. ఆ నేరాలు గాజా జనానికి అన్నం నీళ్లు ఆపే హక్కు ఇవ్వవు. 2024 నవంబరు 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు అప్పటి ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గలాంట్, హమాస్ సేనాని మొహమ్మద్ డైఫ్ ముగ్గురికీ ఒకే రోజు వారెంట్లు ఇచ్చింది. మొదటి ఇద్దరి మీద ఆరోపణల్లో ఆకలిని యుద్ధ సాధనంగా వాడటం ఒకటి. అంతర్జాతీయ న్యాయస్థానంలో దక్షిణాఫ్రికా వేసిన జెనోసైడ్ కేసు వేరు, దాన్నీ దీన్నీ కలపకు.

చివరిగా, ఇదంతా మనకెందుకు అని నీ స్నేహితురాలు అన్నదట కదా. 2024 అభిప్రాయం మిగతా దేశాలకూ పని చెప్పింది, ఆ పరిస్థితి కొనసాగడానికి సాయపడవద్దని. ఆ అభిప్రాయంలో మన దేశపు న్యాయమూర్తి దల్వీర్ భండారీ మెజారిటీతోనే ఉన్నాడు. దాన్ని అమలు చేయాలన్న తీర్మానం సెప్టెంబరు 18న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 124 ఓట్లతో నెగ్గినప్పుడు మన ప్రభుత్వం ఓటు వేయకుండా కూర్చుంది. పాలస్తీనా కూలీలను రానీయడం ఆపేశాక ఖాళీ అయిన కట్టడం పనులకు 2024లో తెలంగాణలోనూ మేస్త్రీలను, సెంట్రింగ్ పనివాళ్లను ఎంపిక చేశారు. ఇజ్రాయెల్ కంపెనీ ఎల్బిట్, అదానీ కలిసి పెట్టిన డ్రోన్ల కర్మాగారం 2018 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. ఇజ్రాయెల్‌కు ఆయుధ ఎగుమతులు ఆపించమని వేసిన పిటిషన్‌ను మన సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 9న విదేశాంగ విధానం మా పరిధి కాదని కొట్టేసింది. అదే ఏడు ఫిబ్రవరిలో హేగ్ అప్పీలు కోర్టు ఎఫ్-35 విడిభాగాలు ఇజ్రాయెల్‌కు పంపడం ఆపమని డచ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టుకుని చదువు, ఏ కోర్టు ఏ ప్రశ్నను తన ముందుకు రానిచ్చిందో పేరాల నంబర్లతో నోటు రాసి నాకు పంపు. మన కోర్టుది చిన్నదే, ముందు అదే చదువు.

ఆశీస్సులతో,
పెదనాన్న